అక్క మిషన్ ఆగిన చోట

వయసొచ్చిన మనిషి ఏదైనా పెద్ద సంగతి తేల్చుకోవాలంటే ఏం చేస్తాడు? ఇంట్లోవాళ్ళని అడుగుతాడు. వాళ్ళు కసిరితే స్నేహితుణ్ణి అడుగుతాడు. ఎవరూ దొరక్కపోతే బొమ్మా బొరుసా వేసుకుంటాడు. మన కామా మాత్రం వాళ్ళక్క కుట్టుమిషన్ని అడిగేవాడు. నవ్వకండి. ఆ మిషన్ మాట మీదే ఒక పుస్తకం వేశాడు, ఆ మిషన్ మాట్లాడటం మానేసిందనే సగం జీవితం కుమిలాడు. అసలు సంగతి తెలిసేసరికి జుట్టు నెరిసింది.

కామా అంటే అమ్మానాన్నా పెట్టిన పేరు కాదులెండి. చదువు అబ్బక, ఇంకే పనీ చేతకాక, ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి చేరాడు. కామా ఉండాల్సిన చోట లేకపోతే ఆ పూట అతనికి ముద్ద దిగేది కాదు. చెప్పుల దుకాణం వాళ్ళు ఇచ్చిన కరపత్రంలో కూడా ఎర్ర సిరాతో కామాలు చెక్కేవాడు. అక్షరాలు పేర్చే పెద్దాయన విసిగిపోయి, "నీకు వేరే పేరెందుకురా, కామా చాల్లే" అన్నాడు. అన్నదే తడవు అది జిగురు పెట్టినట్టు అతుక్కుపోయింది.

అక్క అతనికంటే చాలా పెద్దది. అమ్మ పోయాక అమ్మా నాన్నా తనే అయింది. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుపని, వెనక గదిలో తిండీ నిద్రా అన్నీ. స్కూలు పిల్లల యూనిఫారాలు, కిటికీ కర్టెన్లు, దిండు గలీబులు, చిరిగిన ప్యాంట్లకి మాసికలు, ఏదొస్తే అది కుట్టేది. వెలుతురు కోసం మిషన్ని కిటికీకి ఆనించి పెట్టుకుని, వీధివైపు మొహం చేసుకుని కూర్చునేది. ప్రెస్సు నుంచి వచ్చిన తమ్ముడు ఆమె వెనకాల బట్ట కత్తిరించే బల్ల పక్కన స్టూలు మీద చతికిలబడి, ఆ రోజు రాసుకున్న కవిత్వం చదివేవాడు. ఆమె వీపుకి చదివేవాడన్నమాట.

కుట్టుమిషన్ అన్నాక ఊరికే ఆగుతూనే ఉంటుంది. కుట్టు చివరికొస్తే ఆగుతుంది, మూల తిప్పాలంటే ఆగుతుంది, కత్తెర కటుక్కుమంటుంది, మళ్ళీ టకటకా మొదలవుతుంది. అవన్నీ కామాకి లెక్కలోకి రావు. కానీ ఒక సాయంత్రం అతను ఒక లైను చదివాడు. "వాన వెలిసింది, చూరు ఇంకా నమ్మలేదు." అంతే, కుట్టు నట్టనడుమ మిషన్ ఆగిపోయింది. అక్క తల కిందికి వంగింది. భుజాలు బిగుసుకున్నాయి. ఊపిరి కూడా తీసుకుంటున్నట్టు లేదు. కాసేపటికి "హమ్మయ్య" అని ఒక నిట్టూర్పు విడిచింది, మిషన్ మళ్ళీ కదిలింది.

కామా స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. తన మాట ఒకటి వెళ్ళి అక్కని పట్టుకుంది! "బాగుందా అక్కా?" అని అడిగితే పోయేదిగా? అడగలేదు. కవులకి అదొక జబ్బు. అడిగితే తమ్ముడు కదా అని బాగుందంటుందేమోనని అనుమానం. మిషన్ అయితే మొహమాటానికి ఆగదు కదా అని ధీమా. ఆ రోజు నుంచి అదే అతని తూనికరాయి అయింది. చదువుతుండగా మధ్యలో మిషన్ ఆగిందా, ఆ లైను పక్కన ఒక టిక్కు. ఆగలేదా, ప్రెస్సు నుంచి తెచ్చుకున్న ఎర్ర సిరాతో కొట్టివేత. ఎంత ముచ్చటపడి రాసుకున్నదైనా సరే, మిషన్ దాని మీద నుంచి గడగడా వెళ్ళిపోతే మారు మాట్లాడకుండా కొట్టేసేవాడు.

అలా మిగిలినవి పోగేసి పుస్తకం వేశాడు. ప్రెస్సు యజమాని మంచివాడే, డబ్బు ఖర్చు విషయంలో తప్ప. పెద్ద పుస్తకాలు కోయగా మిగిలిన సన్నటి కాగితం ముక్కలు చూపించి, "ఇందులో పట్టేదైతే వేసుకో" అన్నాడు. పుస్తకం జేబురుమాలు మడత పెట్టినట్టు పొడుగ్గా, సన్నగా తయారైంది. పేరు 'మధ్యలో ఆగినవి'. మొదటి కాపీ అక్క చేతిలో పెట్టాడు. అక్క చేతులు తుడుచుకుని పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పింది. మళ్ళీ చివరి నుంచి మొదటికి తిప్పింది. ఏదో వెతుకుతున్నట్టుంది. ఆఖరికి, "అచ్చు బాగుందిరా" అని సుద్దముక్కల డబ్బా పక్కన పెట్టింది.

అచ్చు బాగుందట! కవిత్వం మాటేమిటి? కామాకి ఏమీ అర్థం కాలేదు. మిషన్ని అంతసేపు ఆపిన లైన్లు పుస్తకంలో చూస్తే ఆమెకి ఏమీ అనిపించలేదా? అడుగుదామని నోటిదాకా వచ్చింది, మింగేశాడు. ఒక పత్రికలో ఎవరో పండితుడు, "ఈ కవి మాటల మధ్య మౌనం గొప్పది" అని రాశాడు. కామా ఆ వాక్యాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చదివాడు గానీ, అది మెచ్చుకోలో వెక్కిరింతో తేలలేదు. పుస్తకాలు మాత్రం కట్టలు కట్టలుగా మంచం కిందకి చేరాయి.

ఆ కట్టల్లోంచి ఒకటి ఎలా జారిందో ఏమో, ఒక సంగీతం కట్టే మనిషి చేతిలో పడింది. ఆయన నోరు తెరిస్తే తనననా తప్ప మాట రాదు, అందుకని అందరూ ఆయన్ని తననా అనే పిలిచేవాళ్ళు. ఆ తననా ఒక రోజు ప్రెస్సుకొచ్చి కామాని వాటేసుకున్నాడు.

"ఏం రాశారండీ! ఇలాంటి కవి కోసమే వెతుకుతున్నాను!"

కామా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఏది నచ్చిందండీ మీకు?"

"లైన్లు పొట్టిగా ఉన్నాయి. నాకు పొట్టివే కావాలి."

ఎడ్డెమంటే తెడ్డెమనే రకం ఇతనెవడ్రా అనుకుంటూనే కామా అతని వెంట వెళ్ళాడు. గోడలకీ తలుపుకీ పరుపులు అతికించిన గది. తననా హార్మోనియం ముందు కూర్చుని, "తానన తానే తననానా, తందన నేనే తాననానే" అన్నాడు.

"దీని అర్థం ఏమిటండీ?"

"అర్థం మీరు పెట్టాలి."

"దేని గురించి?"

"దేని గురించో కూడా మీరే పెట్టాలి. ఒక్కటే, చివర 'నే' రావాలి. పాడేవాడి గొంతు అక్కడ పైకి లేస్తుంది."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టుంది వ్యవహారం. ఎక్కడైనా మాట ముందు పుడుతుంది, దానికి పాట కడతారు. ఇక్కడ చొక్కా ముందు కుట్టేసి, అందులో పట్టే మనిషిని వెతకమంటున్నారు. కామా మూడు రోజులు తల గోక్కున్నాడు. వెన్నెల పెడితే తననా ఒప్పుకోడు, వేదన పెడితే పాడేవాడికి నోరు తిరగదు. ఆఖరికి ఇంట్లో జరిగిన భాగోతం ఒకటి గుర్తొచ్చింది.

అప్పటికే అతనికి పెళ్ళయి వేరు కాపురం, భార్య ఆస్పత్రిలో నర్సు. ఒక రోజు పొద్దున కామా కిటికీ పక్కన ఒక మాట కోసం ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఎంత నిశ్శబ్దంగా కూర్చున్నాడంటే, ఆవిడ అతను ప్రెస్సుకెళ్ళిపోయాడనుకుని, బయట తాళం వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. కామా కిటికీ ఊచలు పట్టుకుని అరిచిన అరుపుకి వీధి వీధంతా నవ్వింది. అదే తననా ముందు అన్నాడు.

"తాళమేసి పోతావేంటే, లోపల నేనున్నానే!"

తననా హార్మోనియం వదిలేసి లేచి గంతులేశాడు. ఆ పాట ఊరంతా పాకింది. బస్సుల్లో అదే, మంగలి షాపుల్లో అదే. బ్యాంకులో గుమస్తా సంతకం చూసి, "మీరేనా తాళం!" అని పక్క కౌంటర్ వాళ్ళని కూడా పిలిచాడు. కామా పోయి తాళం వచ్చింది. ఇంట్లో ఆవిడ మాత్రం, "రోగులకి సూది గుచ్చుతుంటే నన్ను చూసి పాడుతున్నారు. మీ పుణ్యమా అని పరువు గంగలో కలిసింది" అని గిన్నెలు చప్పుడు చేసింది.

మొదటి పాటకి వచ్చిన డబ్బుతో కామా చేసిన మొదటి పని, అక్కకి కొత్త కుట్టుమిషన్ కొనడం. పాతది గొణుక్కుంటూ గొణుక్కుంటూ ఏళ్ళు నెట్టుకొచ్చింది. కొట్టువాడు కొత్తది దించి పాతది మోసుకుపోతుంటే, అక్క గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది. సంతోషమో, పాతదాని మీద బెంగో, అదీ అతనికి తేలలేదు. మనవాడికి ఏ సంగతి తేలింది గనక!

ఆ సాయంత్రం రేడియోలో తాళం పాట వచ్చింది. కామా కావాలనే గుమ్మం దగ్గర నిలబడి, అక్క వీపు వైపే చూస్తున్నాడు. ఊరంతా ఊగిపోతున్న పాట. అక్క ఆగలేదు. ఆగకపోగా, కాళ్ళు ఇంకా జోరందుకున్నాయి. పాట అయ్యేసరికి కర్టెన్ కూడా అయిపోయింది. తీసి, దులిపి, మడత పెట్టి, ఇంకొకటి అందుకుంది.

చెంప మీద కొట్టినట్టయింది కామాకి. తర్వాత ఎన్ని పాటలు రాశాడో! ప్రెస్సు ఉద్యోగం మానేశాడు, ఇల్లు మారాడు, బొజ్జ వచ్చింది. ప్రతి పాటకీ ఏదో పని పెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళేవాడు, రేడియో పెట్టేవాడు, చెవులు రిక్కించి కూర్చునేవాడు. కుట్టు నడుమ ఆ మిషన్ ఒక్కసారంటే ఒక్కసారి ఆగలేదు. అక్కేమో కాఫీ ఇచ్చేది, పిల్లల చదువులు అడిగేది, పాటల ఊసెత్తేది కాదు. అయిపోయింది, తనలో కవి చచ్చిపోయాడని అతను ఖాయం చేసుకున్నాడు. వంద మంది మెచ్చుకున్నా ఆ గదిలోంచి బయటికొచ్చేసరికి కాళ్ళీడ్చుకుంటూ నడిచేవాడు.

పాత కవి మిత్రులు ఒక సభకి పిలిస్తే ఆశగా వెళ్ళాడు. అధ్యక్షుడు మైకులో, "మన మధ్య ఒక మాజీ కవి ఉన్నారు" అన్నాడు. లేచి దండం పెట్టాలో, లేచి వెళ్ళిపోవాలో తెలియక సగం లేచి సగం కూర్చుని ఉండిపోయాడు. ఇటు చూస్తే స్టూడియోలో కుర్రకారు, "సార్ కవి కదా, మరీ బరువుగా రాస్తారు" అంటారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది.

ఇలా ఉండగా తననా ఒక పెద్ద కబురు తెచ్చాడు. ఒక పెద్ద పాటల కంపెనీ ఇద్దరినీ కలిపి తీసుకుంటుంది. బతికినంత కాలం పని ఉంటుంది. "ఒక్క షరతు. నువ్వు ఏం రాసినా కంపెనీదే. పాటైనా, పద్యమైనా, నీ పేరు మీద విడిగా ఏమీ రాకూడదు. అయినా నువ్వు కవిత్వం మానేసి ఎన్నాళ్ళయిందిలే! శనివారానికల్లా సంతకం పెట్టాలి."

మానేసి ఎన్నాళ్ళయిందిలే. ఆ మాట ముల్లులా దిగింది. మానేశాడా? ఎప్పుడు? మానేస్తున్నానని ఎవరితోనూ చెప్పలేదే! సంతకం పెడితే ఆ తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది. పెట్టకపోతే, అవతల కవిత్వం ఉందో లేదో ఎవరికి తెలుసు? పోనీ ఒక్కటి రాసి చూద్దామని కూర్చున్నాడు. ఏ లైను రాసినా బల్ల మీద వేళ్ళు తాళం వేస్తున్నాయి. ప్రతి లైను చివరా 'నే' వచ్చి కూర్చుంటోంది. విసుగొచ్చి కాగితం చించేసి, చేతులు తొడల కింద పెట్టుకుని ఆలోచించాడు. భార్య చూసి, "ఏమైంది, చేతులు తిమ్మిరెక్కాయా?" అంది.

"సంతకం పెట్టనా, వద్దా?"

"ఇన్నేళ్ళ కాపురంలో మీరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇదేనేమో! పెట్టండి. లేదా మానేయండి. మధ్యలో మాత్రం వేలాడకండి, చూడలేక చస్తున్నాను."

మొత్తానికి కిందా మీదా పడి ఒక కవిత రాశాడు. వేళ్ళు కదలకుండా, ఏ తననా లేకుండా రాశాడు. బాగుందా? తెలియదు. ఎవరు చెప్పాలి? ఎవరు చెప్పాలో అతనికి తెలుసు. సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్ చిన్నోడా, మోకాళ్ళు ఇక తొక్కనివ్వడం లేదురా. కుట్టుపని మానేస్తున్నాను. మిషన్ ఒకావిడ అడిగింది, ఆదివారం వచ్చి పట్టుకెళుతుంది."

కామా నెత్తిన పిడుగు పడింది. మిషన్ వెళ్ళిపోతే తీర్పు చెప్పేదెవరు? శనివారం మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా పరిగెత్తాడు. మనసులో ఒట్టు పెట్టుకున్నాడు. ఇది చదువుతుండగా మిషన్ మధ్యలో ఆగిందా, సంతకం లేదు, పాటలూ లేవు, మళ్ళీ మొదటికొస్తాను. ఆగలేదా, నోరు మూసుకుని సంతకం పెట్టేస్తాను.

అక్క ఆఖరి పనిగా ఒక హాస్టలు కర్టెన్లు కుడుతోంది. మిగిలిపోయిన పాత రీళ్ళన్నీ ముందేసుకుని, ఎలాగూ మానేస్తున్నా కదా అని వాటినే ఖర్చు చేస్తోంది. కామా వెనక్కి వెళ్ళి, ఆ పాత స్టూలు మీదే కూర్చున్నాడు. స్టూలు కిర్రుమంది.

"అక్కా, ఒకటి చదవనా?"

అక్క తల తిప్పలేదు గానీ, గొంతు మాత్రం మారింది. "చదువు. ఎన్నాళ్ళయిందిరా!"

చదివాడు. మొదటి లైనుకి మిషన్ టకటకా నడిచింది. రెండోదానికీ నడిచింది. "మూసిన తలుపులన్నిట్లో ఒకదానికి, గడియ పెట్టడం మరిచాను" అన్నాడు.

మిషన్ ఆగింది.

కుట్టు నట్టనడుమ. అక్క తల కిందికి వంగింది. భుజాలు బిగుసుకున్నాయి. ఊపిరి లేదు. అచ్చం అలాగే, ఆ రోజుల్లో లాగే! కామాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. కవి చావలేదు! ఇన్నేళ్ళూ ఎక్కడో తాళం వేసి ఉన్నాడంతే! అక్కడికక్కడే తననాకి ఫోన్ చేశాడు.

"నేను సంతకం పెట్టడం లేదు. ఇక పాటలు రాయను."

"ఏమైందయ్యా నీకు?"

"మిషన్ ఆగింది."

"ఏ మిషన్?"

జవాబు చెప్పకుండా ఫోన్ పెట్టేశాడు. అక్క ఇంకా వంగే ఉంది. హమ్మయ్య అనలేదు. ఇంతసేపా! ఆ లైను అంత లోతుగా దిగిందా? కాసేపటికి అక్క అంది.

"ఎవరితోరా ఆ కేకలు? ఇలా రా, ఈ సూదిలో దారం ఎక్కించు. ఈ పాత రీలు ఊరికే తెగి చస్తోంది, నాకేమో చూపు ఆనడం లేదు."

కామా లేచి వెళ్ళాడు. అన్నేళ్ళూ ఆ గదిలో కూర్చున్నాడు గానీ, మిషన్ పక్కగా కిటికీ దగ్గర, అక్క మొహం కనిపించేలా నిలబడటం అదే మొదటిసారి. అక్క నోట్లో తడిపిన దారం కొన రెండు వేళ్ళ మధ్య ఉంది. కళ్ళు చికిలించి, ఊపిరి బిగబట్టి, భుజాలు కదలకుండా సూది బెజ్జం వెతుకుతోంది. దొరకడం లేదు.

"అక్కా," అన్నాడు. "ఆ పాత మిషన్... అప్పుడు కూడా నువ్విలాగే... మధ్య మధ్యలో ఆపేదానివి..."

"ఆపక ఏం చేయను! దిక్కుమాలిన మిషన్, దారం తెంపని రోజుందా? ఊపిరి తీస్తే దారం వణుకుతుందని బిగబట్టి ఎక్కించేదాన్ని. నువ్వు కొత్తది కొనిపెట్టావు చూడు, ఆ పూటతో పీడ విరగడైంది. సంతోషంతో ఏడుపొచ్చింది నాకు, నిజం."

కామా కర్టెన్ల కుప్ప మీద కూలబడ్డాడు. పుస్తకంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా కళ్ళ ముందుకొచ్చాయి. వాన వెలిసిన చూరు, దారం తెగింది. మౌనం గొప్పదన్న పండితుడు, దారం తెగింది. 'మధ్యలో ఆగినవి' అట, మధ్యలో ఆగినవి! ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా అర్థం కాలేదు. నవ్వబోతే దగ్గొచ్చింది.

"మరి నీకు నచ్చినవి? నచ్చినప్పుడు ఏం చేసేదానివి?"

"నచ్చితే ఎవరైనా పని ఆపుతారట్రా? నచ్చితే కాలు ఆగదు. నీ తాళం పాట వస్తే ఎన్ని కర్టెన్లు లాగించేదాన్నో, నువ్వే గుమ్మంలో నిలబడి చూసేవాడివి కదా. చూసి, మూతి ముడుచుకుని వెళ్ళిపోయేవాడివి. పెద్దవాడైపోయాడు, అక్కతో పాటల ముచ్చట ఏముంటుందిలే అని నేనూ ఎత్తేదాన్ని కాదు."

అక్క కాసేపు దారం కొనని వేళ్ళ మధ్య నలిపింది. తర్వాత అతని వైపు చూడకుండానే అడిగింది.

"ఒకటి అడగనా? ఏళ్ళ తరబడి అడగాలనుకుని మానేశాను. నా మీద ఒకటి రాశావు. అది పుస్తకంలో ఎందుకు వేయలేదు?"

"నీ మీదా?"

"మా అక్క కూర్చున్న చోటే నడుస్తుంది, ఊరంతా బట్ట కట్టేదాకా. అంతవరకే గుర్తుంది నాకు. చాలా పెద్దది. నువ్వు పుస్తకం ఇచ్చిన రోజు ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ వెతికాను. లేదు. పోనీలే, అక్క బట్టలు కుడుతుందని నలుగురికీ తెలిస్తే పిల్లాడికి నామోషీ కాబోలు అనుకున్నాను. తప్పేం లేదు. అలా అనుకునే వయసే కదా అని సర్దుకున్నాను."

కామాకి అప్పుడు గుర్తొచ్చింది. అది చదివిన సాయంత్రం గుర్తొచ్చింది. మిషన్ పూనకం వచ్చినట్టు పరిగెత్తింది. మొదటి లైను నుంచి చివరి లైను దాకా ఒక్క చోట ఆగలేదు. ఎంత బాధపడ్డాడు! మనసు పెట్టి రాసింది మిషన్‌కి ఆనలేదే అని ఎర్ర సిరాతో పైనుంచి కిందికి రెండు గీతలు కొట్టి, ఉండచుట్టి పారేశాడు.

"నామోషీ కాదక్కా! ఒట్టు! అది చదువుతుంటే నువ్వు ఒక్కసారి కూడా ఆపలేదు. నీకు నచ్చలేదనుకున్నాను."

"ఆపితే ఏడ్చేసేదాన్ని కదరా," అంది అక్క.

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. కామా చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. అక్క చేతిలోంచి దారం తీసుకుని, కొన నోట్లో తడిపి, సూది ముందు వంగాడు. మొదటిసారి పక్కకి పోయింది. రెండోసారీ పోయింది. ఊపిరి బిగబట్టాడు. ఎక్కింది.

జేబులో ఫోన్ మోగింది. తననా.

"ఏమయ్యా, మతి పోయిందా? కంపెనీవాళ్ళు ఇక్కడే కూర్చున్నారు. వస్తున్నావా, రావడం లేదా?"

"తెలియదు. నాకు ఒకటి తప్పిపోయింది, వెతుక్కోవాలి. అది మాత్రం ఎవరికీ ఇవ్వను."

"పాటా? కవితా?"

"అదీ తెలియదు," అని ఫోన్ ఆపేసి సుద్దముక్కల డబ్బా పక్కన పెట్టాడు.

అక్క దారం లాగి చూసుకుని కర్టెన్ సర్దింది. "తర్వాత ఏంట్రా అది? ఊరంతా బట్ట కట్టేదాకా... తర్వాత?"

"గుర్తులేదక్కా."

"నాకూ లేదు. ఈ హాస్టలువాళ్ళవి ఇంకా బోలెడున్నాయి, సాయంత్రం దాకా తొక్కాలి. కూర్చో, వస్తుందేమో చూద్దాం."

కామా స్టూలు తెచ్చి మిషన్ పక్కన, కిటికీ దగ్గర అక్క మొహం కనిపించేలా వేసుకున్నాడు. అక్క మోకాలు ఒకసారి నిమురుకుని తొక్కడం మొదలుపెట్టింది. "మా అక్క కూర్చున్న చోటే నడుస్తుంది" అన్నాడు. టకటకా అంటోంది మిషన్. "ఊరంతా బట్ట కట్టేదాకా" అన్నాడు. అక్క కాళ్ళు జోరందుకున్నాయి. ఆ తర్వాతి లైను ఎంత తడుముకున్నా రాలేదు. అక్క కళ్ళల్లోంచి నీళ్ళు కారి కర్టెన్ మీద పడుతున్నాయి, ఆమె తుడుచుకోలేదు, మిషన్ ఆపలేదు. కామా మొదటి లైను మళ్ళీ చెప్పాడు.